ఏటికి ఎదురెక్కే చేప

ఇలా వచ్చి కూర్చో నాన్నా. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు, ఎక్కడికీ పారిపోదు. రాత్రంతా పడవలో కూర్చుని ఒక్క చేప కోసం కాచుకోవడంలో ఏముంది తాతా అని మొన్న అడిగావు. అడిగినవాడివి జవాబు వినకుండా పంతొమ్మిదో వీధిలో సీకుల మీద కాల్చిన మాంసం తినడానికి పరిగెత్తావు. ఈ పూట అలా కుదరదు. వాన పట్టింది, కరెంటు పోయింది, మీ నానమ్మ బొగ్గుల పొయ్యి మీద టీ పెట్టింది. చెప్పేవాడికి తొందర లేదు, వినేవాడికి వేరే దారి లేదు.

ముందు చేప సంగతి. సాన్‌ప్యా చేపల బజారులో చూసే ఉంటావు. ఇక్కడ రంగూన్‌లో బర్మావాళ్లు ఙతలౌ అంటారు, బెంగాలీలు ఇలిష్ అంటారు. మన కోరంగి, యానాం వైపు అది సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, గోదావరిలోకి ఎక్కాక పులస. అన్నీ ఒకటే చేప. పుట్టేది ఏటి తీపినీళ్లలో, పెరిగేది సముద్రపు ఉప్పునీళ్లలో. వానలు పడి ఏరు ఎర్రబడే వేళకు గుడ్లు పెట్టడానికి గుంపులు గుంపులుగా బయల్దేరి ప్రవాహానికి ఎదురు ఈదుకుంటూ వస్తుంది. ఆ ఎదురీతలోనే దాని ఒంటికి ఆ రుచి పడుతుందని గోదావరి జనం నమ్మకం. పుస్తెలమ్మైనా పులస తినాలి అన్నారు కదా. మా తాత ఈ సామెత ఎత్తుకున్నప్పుడల్లా మా నాయనమ్మ మెడలో తాడు పైట లోపలికి సర్దుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది.

పుస్తెల దాకా పోకపోయినా, మా చిన్నప్పుడు కూడా ఇది చవక చేప కాదు. 1952లో రూపాయి పోయి చాట్ వచ్చింది. రూపాయికి ఒక చాట్, చాట్‌కి నూరు ప్యాలు. ప్రభుత్వం మార్చేసినంత తేలిగ్గా నోళ్లు మారవు కాబట్టి పెద్దవాళ్లు చాలా ఏళ్ల దాకా అణాల్లోనే బేరమాడేవారు. పాతిక ప్యాలను మతు అంటారు. ఆ మతు ఒకటి చేతిలో ఉంటే టీకొట్లో కూర్చుని టీ, పక్కన నూనెలో వేయించిన ఈచాక్వే తెప్పించుకుని, గంటసేపు ఊరి సంగతులన్నీ వినొచ్చు. టీ అయిపోయాక తాగడానికి చప్పటి తేయాకు నీళ్లు ఊరికే ఇచ్చేవారు, ఇప్పటికీ ఇస్తారు. ఙతలౌ కొనాలంటే మాత్రం మతులు చాలవు. బరువు వీశెల్లో తూచేవారు. ఇక్కడి వీశె కిలో 600 గ్రాముల పైచిలుకు, మన వైపు పాత వీశె కిలో 400. కొత్తగా దిగిన కూలీ ఈ తేడా తెలియక ధర మండిపోతోందని బజారులో గొడవ పెట్టుకునేవాడట. ఇంటికొచ్చి చేప సైజు చూసుకుని, చేపలమ్మే ఆమెను తానే మోసం చేశానని మురిసిపోయేవాడట.

మన వీధి చివర స్ట్రాండ్ రోడ్డు, దాని అవతల రేవులు, ఆపైన రంగూన్ ఏరు, మన వాళ్ల నోట రంగం ఏరు. మన పేట పేరు లత. లత అనగానే చీనావాళ్ల పేట అంటారు. నిజమే. స్ట్రాండ్ రోడ్డు మీద ఫుకియన్ వాళ్ల ఖెంగ్ హాక్ కియాంగ్ గుడి ఉంది, 1860ల నాటిది. అందులో కొలువున్న మాజు సముద్రం మీద వెళ్లేవాళ్లను కాపాడే తల్లి. మహాబందులా రోడ్డు మీద కాంటన్ వాళ్ల గ్వాన్‌యిన్ గుడి ఉంది. వాళ్ల మధ్యన, సందుల్లో, మేడ మెట్ల కింద గదుల్లో, మనలాంటి తెలుగువాళ్లం. మా తాత పడవెక్కే రోజున ఆ మాజు గుమ్మం ముందు చెప్పులు విడిచి దండం పెట్టకుండా కదిలేవాడు కాదు. చీనావాళ్ల దేవతకు నువ్వెందుకు దండం పెడతావని ఎవరన్నా అంటే, "మన గంగమ్మే ఆవిడ, కట్టిన చీర వేరు" అనేవాడు.

తాత కోరంగివాడు. కోరంగి అంటే ఒకనాడు ఓడలు కట్టిన రేవు, గౌతమి సముద్రంలో కలిసే చోటు. 1839 ఉప్పెన ఆ రేవును ఊడ్చేసింది. రేవు పోయినా ఇక్కడ దొరల నోట పేరు మిగిలింది. శ్రీకాకుళం నుంచి వచ్చినా, భీమిలి నుంచి వచ్చినా, తెలుగు కూలీ వాళ్లకు కోరంగీయే. కాకినాడలో బీఐ కంపెనీ స్టీమరెక్కితే డెక్కు మీద చోటు. టిక్కెట్టు డబ్బు ముందే మేస్త్రీ పెట్టేవాడు. ఆ బాకీ ఇక్కడ దిగాక కూలిలోంచి వారం వారం కోసుకునేవాడు, తీరిందని ఎప్పుడూ చెప్పేవాడు కాదు. బియ్యం మిల్లుల్లో మన వాళ్లే, రేవులో మూటలు మోసేది మన వాళ్లే, ఊళ్లో రిక్షా లాగేది కూడా మన వాళ్లే. ఆ రోజుల్లో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం బర్మా. ఆ మూటలన్నీ ఎవరి వీపుల మీద ఓడల్లోకి ఎక్కాయో ఏ లెక్కల పుస్తకంలోనూ కనబడదు. మేస్త్రీల కథలు మొదలుపెడితే తెల్లారిపోతుంది, అవి ఇంకో వానకు దాచుకుందాం. చేప దగ్గరికి వద్దాం.

పగలంతా రేవులో మూటలు మోసిన మనిషి రాత్రి నిద్ర మానుకుని మళ్లీ నీళ్ల మీదికి ఎందుకు పోయేవాడు? డబ్బుకోసమైతే కాదు. అమ్ముకోవడానికి మిగిలేన్ని చేపలు ఎప్పుడోగానీ పడేవి కావు. తాతకు అవతలి ఒడ్డున, దలాలో, ఒక బర్మా పడవవాడు నేస్తం. తాత అతన్ని బావా అని తెలుగులోనే పిలిచేవాడు. అతను పలికేవాడు. 1930 మే నెలలో రేవు పని విషయమై తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య పెద్ద గొడవ రేగి ఊళ్లో రక్తాలు పారాయి. ఆ రోజుల్లో తాతను పడవలో చాపల కింద పడుకోబెట్టి దలాకు దాటించింది ఆ బావే. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అనే రకం కాదు మా తాత. బతికినన్నాళ్లూ దీపావళికి మొదటి పిండివంట దలాకే వెళ్లేది. తాత పోయాక కూడా మా నాన్న పంపేవాడు.

నన్ను మొదటిసారి తీసుకెళ్లింది తాతే, నా లాగు జారకుండా నడుముకు తాడు కట్టి. నువ్వు విహారం అనుకునేవు. కాదు. ఏటిలో పోటూ పాటూ చూసుకుని వెళ్లాలి. రంగం ఏటికి మర్తబాన్ సముద్రం దగ్గర. అమావాస్యకీ పున్నమికీ ఇక్కడ నీళ్లు 15 అడుగుల పైనే ఎక్కి దిగుతాయి. ఆరు గంటలు ఎక్కుడు, ఆరు గంటలు దిగుడు. ఆ నీటి వాటం తెలియనివాడికి ఈ ఏరు ప్రాణం తీసే ఏరు. మంకీ పాయింట్ దగ్గర బాగో ఏరు వచ్చి కలుస్తుంది. అక్కడ సుడులు తెలిసినవాడు తెడ్డు ఎత్తి ఊరుకుంటాడు, తెలియనివాడు గబగబా వేస్తాడు. తెడ్డు వేసేవాడే ముందు అలిసిపోతాడు.

మరో సంగతి. ఈ చేపకు గాలం పనికిరాదు. ఎర్రను గుచ్చి వేస్తే ఏటిలో నానిపోవడమే. ఇది నీళ్లను మొప్పల్లోంచి వడకట్టుకుని, కంటికి కనబడని నాచునూ పురుగునూ తినే చేప. ఆశ చూపించి పిలవలేవు, అదిలించి తోలలేవు. అది తన పని మీద తాను వెళుతూ ఉంటుంది. నువ్వు చేయగలిగిందల్లా దాని దారిలో వలను నిలిపి నోరు మూసుకోవడం. వల అంటే విసిరే వల కాదు. పైఅంచున బెండ్లు, కింది అంచున మట్టిగుండ్లు కట్టి ఏటికి అడ్డంగా నిటారుగా దింపుతారు. దాని కొస పడవకు కడతారు. ఆ తర్వాత వలా పడవా మనుషులూ అందరూ కలిసి ప్రవాహం ఎటు తీసుకెళితే అటే. లంగరు లేదు, తెడ్డు లేదు.

అదిగో, అక్కడుంది నాన్నా నువ్వు అడిగిన దాని జవాబు.

పోటు మారేముందు కాసేపు ఏరు ఎటూ కదలదు. అటు పోవాలా ఇటు పోవాలా అని తేల్చుకోదు. పడవ కింద చిన్న చప్పుడు కూడా ఉండదు. ఒడ్డున లత దీపాలు, రైలు కూత, రేవులో పట్టీలు వేసే తెలుగు కేకలు అన్నీ వినబడుతూనే ఉంటాయి, కానీ అవేవీ నీవి కావు. అంతవరకు తల్లో తిరిగిన మేస్త్రీ బాకీ, నాయనమ్మ మందుల ఖర్చు, ఊరి నుంచి వచ్చిన ఉత్తరం, అన్నీ ఒడ్డునే ఆగిపోతాయి. తరవాత నీరు కదులుతుంది. మొదట తెలియదు. పైన తేలే గుర్రపుడెక్క మొక్క ఒకటి దారి మార్చుకుంటుంది. బావ వేలు పెట్టి చూపించేవాడు, మాట్లాడకుండా. ఆ తర్వాత మనం కూడా కదులుతున్నామని తెలుస్తుంది. మూటలు మోసేవాడి జీవితంలో ఎవడూ కేక వేయకుండా, ఎవడూ లెక్క రాయకుండా ముందుకు సాగిన గంటలు అవే. మా తాత మొహం ఇంట్లో అంత నిమ్మళంగా నేనెప్పుడూ చూడలేదు.

చేప తగిలితే ఎలా తెలుస్తుందంటావా? వల తాడు వేలికి చుట్టుకుని కూర్చుంటారు. తలుపు అవతల ఎవరో వేలితో తట్టినట్టు చిన్న దెబ్బ. అంతే. పెద్ద పెనుగులాట ఉండదు. నీళ్లలోంచి బయటికి తీస్తే రెండు క్షణాల్లో ప్రాణం విడుస్తుంది, అంత సుకుమారం. లాంతరు వెలుగులో వెండిలోకి కాస్త బంగారం కలిపిన రంగు. బావ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కాసేపు ఊరుకునేవాడు. ఆయన బౌద్ధుడు. ప్రాణం తీయకూడదు, చేపలు పట్టకుండా బతకడమూ కుదరదు. మేం చంపడం లేదు, నీళ్లలోంచి పైకి తీస్తాం, దాని ఆయువు తీరితే అదే పోతుంది అని ఇక్కడి చేపలవాళ్లు చెప్పుకునే మాట ఒకటుంది. తెల్లదొరలు దీన్ని తమ పుస్తకాల్లో రాసుకుని నవ్వుకున్నారు. నాకు నవ్వు రాదు. ఆ మాట చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే లోపల ఎక్కడో నొచ్చుకున్నారని అర్థం కదా. మనం నొచ్చుకోకుండా తినేస్తున్నాం.

పడవ ముక్కుకు అరటిపండ్ల గెల చిన్నది, బెల్లం, ఎర్ర జెండా ఒకటి కట్టేవారు. అది ఊ షిన్ జీకి. ఈ ఉప్పునీటి వాగులన్నిటినీ కాచే దేవర, చేతిలో వీణలాంటి వాద్యం ఉంటుంది. ఆయనకు మాంసం ఇవ్వకూడదు, చెడ్డమాట అనకూడదు. పడవలో బూతు మాట్లాడితే చేప దారి మళ్లుతుందని బావ గట్టిగా నమ్మేవాడు. రేవులో తాత నోరు ఎలాంటిదో తెలిసినవాళ్లు ఈ సంగతి నమ్మేవారు కాదు. ఆ రాత్రుల్లో ఆ నోటి నుంచి ఒక్క చెడ్డమాట రావడం నేను వినలేదు.

ఇప్పుడు నీకు దొర కథ చెప్పాలి. ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీ పేరు విన్నావా? గ్లాస్గోవాళ్లది. 1920ల్లో ప్రపంచంలో ఏ ఏటి మీదా అంత పెద్ద స్టీమర్ల మంద లేదనేవారు. ఆ స్టీమర్లు చాలావరకు స్కాట్లండ్‌లో డంబార్టన్‌లో కట్టినవి, ఇంజనీర్లూ అక్కడివాళ్లే. వాళ్లలో ఒక ముసలి ఇంజనీరు సాయంత్రాలు రేవు చివర కూర్చుని ఏటి వైపు చూస్తూ ఉండేవాడట. ఒకనాడు తాత వాళ్ల వలలో పడిన ఙతలౌ చూసి కూలీల మధ్యలోంచి తోసుకుని వచ్చి, ఇది సముద్రం నుంచి వచ్చిందా అని అడిగాడట. అవునన్నారు. మా ఊళ్లో కూడా ఒకటుంది, దాని పేరు సాల్మన్, అది కూడా ఇలాగే తాను పుట్టిన ఏటికే తిరిగి వస్తుంది అని, వచ్చీరాని హిందుస్తానీలో చెప్పాడట. నడుము లోతు చన్నీళ్లలో నిలబడి, పక్షి ఈకలతో కట్టిన బొమ్మపురుగును నీళ్ల మీద విసిరి పట్టాలట. విచిత్రమేమంటే ఆ చేప ఏటిలోకి వచ్చాక ఏమీ తినదు. తినని చేప ఆ ఈకల పురుగును ఎందుకు కరుస్తుందో అక్కడి పండితులు ఇప్పటికీ తేల్చలేదు.

దొర చెప్పిన వాటిలో ఒకటి తాత ఎప్పుడూ నమ్మలేదు. స్కాట్లండ్‌లో టే అనే ఏటిలో 1922 అక్టోబరులో ఒక ఆడమనిషి 64 పౌండ్ల సాల్మన్‌ను గాలంతో పట్టిందని. అంటే 29 కిలోలు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు, తన ఊరి చేపకు ముప్పై కిలోలు అని నవ్వేవాడు తాత. అది నిజమేనని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. ఆవిడ పేరు జార్జినా బాలంటైన్. రెండు గంటలకు పైగా ఆ చేపతో పెనుగులాడిందట. బ్రిటన్‌లో గాలానికి పడిన సాల్మన్లలో ఆ బరువును ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. తాతకు చెప్పడానికి తాత లేడు.

నాకు ఆ దొర మీద జాలి వేస్తుంది. ఊరికి ఏడు సముద్రాల అవతల, మట్టి రంగు ఏటి ఒడ్డున, తన ఊరి చేపకు దూరపు చుట్టం కనబడగానే పరిగెత్తుకొచ్చాడు చూడు. మా తాత కూడా అలాంటివాడే. ఇద్దరి మధ్యా దొరతనం, కూలితనం అంత ఎత్తున ఉన్నా, ఏటి దగ్గర మాత్రం ఇద్దరికీ మాటలు దొరికాయి. ఆ సాయంత్రం తప్ప మళ్లీ మాట్లాడుకున్నారో లేదో తాత చెప్పలేదు.

అన్నట్టు, ఇంకా పైకి వెళితే, మాండలే దాటాక, ఐరావతిలో చేపలవాళ్లకు డాల్ఫిన్లే తోడు. చేపలవాడు చిన్న కర్రతో పడవ అంచును టకటకా కొడతాడు, నోటితో ఓ రకం కూత వేస్తాడు. డాల్ఫిన్ వచ్చి చేపల గుంపును పడవ వైపు తోలుతుంది. తోక ఎత్తి సైగ చేస్తే వీడు వల విసురుతాడు. వల తప్పించుకుని చెదిరిన చేపలు దానివి, వలలో పడినవి వీడివి. ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటూ తరాలుగా సాగుతున్న పొత్తు. భాగస్తుల మధ్య కాగితం లేకుండా ఇన్నాళ్లు నిలిచిన వ్యాపారం మన మనుషుల్లో ఎక్కడన్నా ఉందేమో చూపించు. సరే సరే, డాల్ఫిన్లను అక్కడే వదిలి కిందికి రా, పొయ్యి దగ్గరికి.

చేప ఇంటికి వచ్చాక లతలో మూడు రకాల వాసనలు లేచేవి. మా ఇంట్లో మట్టి దాకలో చింతపండు పులుసు, బెండకాయలు, దించే ముందు పాత ఆవకాయ ఊట ఒక గరిటె. ఆ పూట ముట్టుకోనిచ్చేది కాదు నాయనమ్మ. రాత్రంతా ఊరి, మర్నాడు తినాలి. ఓర్చినమ్మకు తేటనీరు అంటూ దాక మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి, రాయి పక్కన తాను పడుకునేది. పై మేడలో బర్మా వాళ్లు వెనిగరూ టమాటాలూ నిమ్మగడ్డీ వేసి, సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించేవారు. ముళ్లు కూడా వెన్నయ్యేదాకా. ఈ చేపకు ముళ్లు ఎన్నో నీకు తెలుసు కదా, కిందటేడు నీ గొంతులో ఇరుక్కుంటే అన్నం ముద్దలు మింగించి ఊరంతా గోల చేశారు. అలాంటివాడికి బర్మా వంటే మేలు. ఎదురింటి చీనా ముసలాయన మాత్రం పొలుసు తీయకుండా ఆవిరి మీద ఉడికించేవాడు. కొవ్వంతా పొలుసు కిందే ఉంటుంది, దాన్ని గీకేసేవాడు తిండి తెలియనివాడు అనేవాడు. వాళ్ల యాంగ్జీ ఏటిలోనూ దీని దాయాది ఒకటి ఇలాగే సముద్రం నుంచి ఎక్కి వచ్చేదట. చక్రవర్తుల పళ్లేలకు దాన్ని పంపేవారట. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. గోదావరి, ఐరావతి, యాంగ్జీ మూడూ ఒక్క వీధిలో భోజనానికి కూర్చునేవి. గిన్నెలు గుమ్మాలు దాటేవి, గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదనేది వీధి మర్యాద. తిరిగొచ్చిన గిన్నెలో ఏమీ లేకపోతే కనీసం గుప్పెడు వేయించిన శనగలన్నా ఉండేవి.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. మన వాళ్లు వేలకు వేలు నడిచి అరకాన్ కొండలు, అస్సాం అడవులు దాటబోయి దారిలోనే పోయారు. తాత వెళ్లలేదు. బావ పడవ మళ్లీ వచ్చింది. దలా నుంచి తువంటే కాలువ వెంబడి లోపలి పల్లెలకు తీసుకెళ్లాడు, యుద్ధం అయ్యేదాకా అక్కడే. నేను పుట్టింది అవన్నీ సర్దుకున్నాక. 1964 మాత్రం నాకు బాగా గుర్తు. మార్చిలో కొట్లు ప్రభుత్వం తీసుకుంది. మే నెలలో యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లవన్నారు. మా వీధిలో తెలుగు ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఓడలెక్కి విశాఖపట్నం పోయారు. అక్కడ బర్మా క్యాంపు అని ఇప్పటికీ పేట ఉంది. వెళ్లినవాళ్లలో నా ఈడువాడొకడు గోదావరి ఒడ్డున పులస పులుసు తిన్నానని ఉత్తరం రాశాడు. బాగుందిగానీ రంగం చేపే బాగుందని రాశాడు. ఇక్కడున్నప్పుడు వాడు ఇక్కడి చేప తింటూ గోదావరి పులసను కలవరించేవాడు. మనిషి నాలుక ఎప్పుడూ అవతలి ఒడ్డునే ఉంటుంది నాన్నా, దాన్ని కోప్పడి లాభం లేదు.

ఇక ఇప్పటి సంగతి. దీని గురించి నేను నిమ్మళంగా మాట్లాడలేను. గోదావరికి 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేశాడు. లక్షల ఎకరాలు పండాయి, మన వాళ్లు ఆయనకు విగ్రహాలు పెట్టారు, తప్పులేదు. కానీ పులస అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది, పైకి దారి లేదు. గంగకు 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చింది. ఒకప్పుడు అలహాబాదు దాకా ఎక్కిన చేప ఇప్పుడు అక్కడివాళ్లకు పెద్దల నోట విన్న కథ. యాంగ్జీలో ఆ దాయాది చేప కళ్లకు కనబడటమే మానేసింది. ఎదురింటి ముసలాయన మనవలు దాని రుచి తెలియకుండానే పెద్దవాళ్లయ్యారు. ఐరావతి తల్లి ఏటికి మాత్రం ఇంకా అడ్డుకట్ట లేదు. మిత్‌సోన్ దగ్గర కట్టబోయిన దాన్ని 2011 సెప్టెంబరులో ఆపారు. అది ఆగినప్పుడు మన వీధిలో టీకొట్లో నేను అందరికీ టీ ఇప్పించాను, మీ నానమ్మ ఇప్పటికీ ఆ ఖర్చు గుర్తుచేస్తుంది.

ఆనకట్ట లేకపోయినా చేప తగ్గుతోంది. వేలు దూరని కన్నుల వలలు వచ్చాయి. ఏటిలో పుట్టి సముద్రానికి దిగిపోయే పిల్లచేపలను దారిలోనే ఊడ్చేస్తున్నారు. సాన్‌ప్యాలో అర్ధరాత్రి గంపల్లో జానెడు కూడా లేని ఙతలౌ పిల్లలను చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. బంగ్లాదేశ్ వాళ్లను చూడు. ప్రపంచంలో ఈ చేప ఎక్కువ పడేది వాళ్లకే. ఏటా అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు, తల్లిచేప గుడ్లు పెట్టే వేళ, దాన్ని పట్టడం, అమ్మడం, మోసుకెళ్లడం కూడా నేరమన్నారు. పిల్లచేపలకు వేరే నెలల్లో కాపు పెట్టారు. ఆ రోజుల్లో చేపలవాళ్ల ఇళ్లకు బియ్యం ఇస్తారు. వాళ్ల నదుల్లో చేప మళ్లీ పెరిగింది. బియ్యం ఇవ్వకుండా వల మడవమంటే ఎవడు మడుస్తాడు? పిల్లల ఆకలికి పెద్దచేపా పిల్లచేపా తేడా తెలియదు. 2008లో నర్గీస్ తుఫాను ఈ డెల్టాలో లక్షకు పైన ప్రాణాలు తీసుకుపోయాక, మిగిలినవాళ్లకు పడవలు ముందొచ్చాయో వలలు ముందొచ్చాయో వెళ్లి అడుగు. ఆ వలల కన్నులు ఎంతవో అడిగినవాడు లేడు. చేపలవాడిని తిట్టడం తేలిక. వాడికి గిట్టుబాటయ్యేలా కాలువల్లో కాపలా పెట్టడం కష్టం. ఆ కష్టమే చేయాలి.

నువ్వు ఆవలిస్తున్నావు, నాకు కనబడుతోంది. సరే, పని సంగతి విను. బావ మనవడు ఇప్పటికీ దలాలోనే ఉన్నాడు, ఇంజను పడవ నడుపుతాడు గానీ వల వేసేటప్పుడు ఇంజను ఆపేస్తాడు. వచ్చే అమావాస్య పోటుకు మనల్ని రమ్మన్నాడు. పాన్‌సొడాన్ రేవు దగ్గర సాయంత్రం ఫెర్రీ ఎక్కి వెళదాం. పాత లుంగీ కట్టుకో, తెల్ల చొక్కా వద్దు, మట్టి నీళ్ల మరక పోదు. మీ నానమ్మ పొట్లం కట్టే అన్నం ఇద్దరిది, దారిలోనే తినేయకు. ఊ షిన్ జీకి బెల్లం ముక్క నీ జేబులో పెట్టుకో, తడవకుండా. జానెడు కంటే చిన్న చేప వలలో పడితే వెంటనే తిరిగి నీళ్లలో వేసేయాలి, బావ మనవడితో ఆ ఒప్పందం నేను ముందే చేసుకున్నాను. ఇక నీకు అడగాల్సిన ప్రశ్నలు ఇంకేమన్నా ఉంటే ఇప్పుడే, ఈ వాన తగ్గేలోపే అడిగెయ్. పడవ ఎక్కాక నేను పలకను.